బడి కంచంలో గుడ్డు

బడ్జెట్ మర్నాడు పత్రికలో లోటు, వృద్ధిరేటు అని కనిపించగానే మన ఇళ్ళలో చాలామంది పేజీ తిప్పేస్తారు. ఆర్థికవేత్త జీన్ డ్రెజ్ పత్రికల్లో రాసే వ్యాసాలను మాత్రం అలా దాటేయవద్దని నా మనవి. బెల్జియంలో పుట్టి, 1979 నుంచి ఇక్కడే ఉంటూ, 2002లో భారత పౌరుడైన ఈయన కోడిగుడ్డు గురించి కూడా రాశారు.

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో బియ్యమో గోధుమలో ఇచ్చి పంపేవారు. అన్నంతోపాటు గుడ్డు కూడా పెట్టమని డ్రెజ్ అడుగుతూ వచ్చారు. ఆ మాట సబబే. పాలలో నీళ్ళు పోయవచ్చు, పప్పును చారు చేయవచ్చు. గుడ్డులో ఏం కలుపుతారు?

అయినా 2015లో మధ్యప్రదేశ్‌లో అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు పెట్టాలన్న ప్రతిపాదనను అప్పటి ముఖ్యమంత్రి తోసిపుచ్చారు. తినని బిడ్డకు అరటిపండు ఇవ్వండి, ఎవరు కాదన్నారు? తినే బిడ్డ నోటి దగ్గరిది తీసేయడం దేనికి? ఇంట్లో వారానికొక్కసారైనా గుడ్డు కొనలేని కూలీల పిల్లలే ఆ బంతిలో ఎక్కువ.

మన రెండు తెలుగు రాష్ట్రాల బడుల్లో గుడ్డు ఉంది కదా, ఆ గొడవ మనకెందుకని అనుకోవచ్చు. కానీ గుడ్డు ధర పెరిగి, బిల్లులు ఆలస్యమైతే అది మొదట మాయమయ్యేది కంచంలోంచే. ఈ వారం ఎన్నిసార్లు గుడ్డు పెట్టారో మీ పిల్లల్ని అడగండి. తక్కువైతే హెడ్‌మాస్టరు గారిని అడగండి.