జింకను కాపాడే ఖర్చు రైతు ఒక్కడిదేనా?

బుక్కరాయసముద్రం నుంచి ఉరవకొండ దాకా అనంతపురం జిల్లాలో వానను నమ్ముకున్న మెట్టచేలే ఎక్కువ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం పడే నేల ఇది. ఒక్క పదును చేజారితే మళ్లీ విత్తడానికి అదును దొరకదు. అలాంటి చోట కృష్ణజింకల మంద చేలో దిగితే వేరుశనగ లేత మొలకలు కొన్ని నోటికి, కొన్ని గిట్టలకు బలి అవుతాయి. అందుకే జింకల వేటకు అనుమతి ఇవ్వాలన్న మాట వినిపిస్తోంది. ఆ మాట వెనకున్న బాధ నిజం. అయినా వేటను తెరవకూడదు. అలాగని జింకను కాపాడే భారమంతా రైతు నెత్తిన వేసి ఊరుకునే హక్కూ మనకు లేదు.

వేటను సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. మన కృష్ణజింకనే 1930లలో అమెరికాలోని టెక్సాస్‌కు తీసుకెళ్లారు. అక్కడ భూస్వాములు రుసుము తీసుకుని వేటాడనిస్తారు, ఆ రాబడి కోసమే మందల్ని పోషిస్తారు. ఆ దేశంలో 1937 నాటి చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వేసే పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళుతుంది. నిఖార్సయిన వేటగాడు సూడి జంతువును వదిలేస్తాడు, గాయపడినదాన్ని వెతికి పట్టుకునేదాకా ఇల్లు చేరడు. అయితే ఆ మర్యాద అతని మంచితనం మీదే నిలబడలేదు. దాని వెనక జంతువుల లెక్క, లైసెన్సు, తనిఖీ ఉన్నాయి. మన దగ్గర దొంగవేటగాడి చేతిలో ఉన్నవి ఉచ్చు, నాటు తుపాకీ, కరెంటు తీగ. ఉచ్చుకు ఇర్రి ఏదో, సూడి లేడి ఏదో తెలియదు. కరెంటు తీగ జింకతోపాటు ఎద్దునూ, నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషినీ చంపుతుంది. లేడి ఆరు నెలలు మోసి ఈతకు ఒక్క పిల్లనే కంటుంది. అనుమతి పేరుతో ఒక్కసారి మాంసం బయటికొస్తే, ఏది లైసెన్సుది, ఏది దొంగవేటదో తేల్చేవారుండరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను మొదటి షెడ్యూల్లో పెట్టి, దాన్ని చంపినవారికి మూడు నుంచి ఏడేళ్ల జైలు విధించడం సబబే.

కానీ చట్టం ఒక్కటే జింకను కాపాడలేదు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం ఏర్పడింది. అక్కడ కృష్ణజింకలు పెరిగి చుట్టూ ఉన్న చేల మీద పడ్డాయి. నష్టపోయిన రైతులకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది. ఆ గడ్డి మైదానంలో బట్టమేక పిట్ట కూడా నిలవలేదు. కృష్ణజింక అడవి జంతువు కాదు, బయలు జంతువు. దాని మేతబీళ్లను బంజరు కింద లెక్కగట్టి దున్నకానికో, సోలార్ పలకలకో ఇచ్చేస్తే అది చేలోకి కాక ఎక్కడికి పోతుంది?

నష్టపోయిన రైతుకు పరిహారం ఇవ్వాలంటే డబ్బెక్కడిదని అడుగుతారు. ఆ డబ్బు ఇప్పటికే ఖర్చవుతోంది, కాకపోతే రైతు జేబులోంచి. పంట నష్టాన్ని ఊళ్లోనే అంచనా కట్టి, మళ్లీ విత్తే అదును దాటకముందే సొమ్ము చేతికివ్వాలి. మందలు మితిమీరిన చోట మధ్యప్రదేశ్ 2025లో చేసినట్టు వాటిని ప్రాణాలతో పట్టి మేత ఉన్న చోటికి తరలించాలి. మిగిలిన బీళ్లను బీళ్లుగానే ఉంచాలి. కృష్ణజింకను రాష్ట్ర జంతువుగా చేసుకున్నది ఆంధ్రప్రదేశ్ అంతా కలిసి. అందరిలోకీ తక్కువ రాబడి ఉన్న మెట్టరైతు ఒక్కడే దాని మేపు ఖర్చు భరించడం గౌరవం కాదు, అన్యాయం.