'టెండెన్షస్' అనే తిట్టు

అభ్యుదయ రచన ఏది వచ్చినా మన విమర్శకులు కొందరు 'టెండెన్షస్' అనే ఇంగ్లీషు మాట విసిరి చేతులు దులుపుకొంటారు. విద్యార్థి బెదిరిపోతాడు. బెదరవలసిన పని లేదంటాను నేను.

ఇంతకూ ఏమిటా మాటకు అర్థం? ఒక దిక్కుకు సాగడం అనే అర్థం గల లాటిన్ ధాతువు దానికి మూలం. జర్మన్ మాటను అనుసరించి 1900 ప్రాంతాన ఇంగ్లీషులో స్థిరపడింది. తన పక్షాన్ని నెగ్గించడంకోసం సాక్ష్యాన్ని వంచే రాతను అలా అనాలి. పక్షం ఉండడం వేరు, సాక్ష్యాన్ని వంచడం వేరు. రెండింటినీ కలగాపులగం చేయడంలోనే ఉంది మోసమంతా.

సంఘసంస్కరణకు తోడ్పడాలనే 'కన్యాశుల్కం' రాశానని గురజాడ 1897 నాటి ఇంగ్లీషు పీఠికలో బాహాటంగా చెప్పుకొన్నాడు. అంతమాత్రాన గిరీశం కొయ్యబొమ్మ అయ్యాడా? మధురవాణి ఉపన్యాసాల పుట్ట అయిందా? 1885లో మిన్నా కౌట్‌స్కీకి రాసిన లేఖలో ఎంగెల్స్ చెప్పిందీ ఇదే: ఇస్కిలస్‌కూ, డాంటేకూ, సెర్వాంటిస్‌కూ పక్షం ఉంది, అయితే అది సన్నివేశంలోంచీ, పాత్రల చేతల్లోంచీ తనంత తాను పైకి రావాలి.

పసిపిల్లను ముసలివాడికి అమ్మడాన్ని ఖండిస్తే పక్షపాతమట. చూసీ చూడనట్టు వెన్నెలను వర్ణిస్తే నిష్పాక్షికతట! ఉన్న సంఘంవైపు మొగ్గినవాడికి తన మొగ్గు మాత్రం కనిపించదు.

మిత్రులారా, ఈ మాటను పారేయకండి. సాక్ష్యాన్ని వంచినవాడిమీద వాడండి, వాడు మనవాడైనా సరే. పక్షం వహించిన నేరానికే ఎవరైనా దాన్ని మీమీద విసిరితే, "నేను వంచిన సాక్ష్యం ఏదో చూపించండి" అని నిలదీయండి.