చూపు చాలదు, చెయ్యి గావాలె

నేను చెల్పూరు మాదిగోన్ని. మా తాత లంద కాడ బతికిండు. తోలును సున్నంల నానవెట్టి, తంగేడు చెక్కతోటి పదును చేసెటోడు. తోలు నానితే కుళ్లుతదని, ఒరుసుకుంటే పొర లేస్తదని చేత్తో తడిమి చెప్పెటోడు. ఆ విద్యను ఊరు అంటు అన్నది. ఆ చేతి విలువ నా నడుము విరిగినంక తెలిసింది.

2017ల స్లాబు పనికి పోయి సెంట్రింగు మీదికెళ్లి పడ్డ. వెన్నుపూస చితికింది. నడుము కింద సోయి లేదు. నొప్పి తెల్వనోడు జరిగి కూసోడు. ఎముకకూ పరుపుకూ నడుమ తోలు నలుగుతది, నెత్తురు ఆడది, మాంసం చస్తది. పిర్రలకు, తుంటికి, మడిమెలకు పుండ్లు పడుతయి. పండుకుంటే రెండు గంటలకొకసారి మర్లేయాలె. కూసుంటే పావుగంటకో అరగంటకో చేతుల మీద లేవాలె. ఈ ముక్క నాకు పడ్డనాడు ఎవలూ చెప్పలె.

2021 వానకాలంల వెనుక పూస కాడ మచ్చ లేసింది. వరంగల్ పోవాలంటే అరవై కిలోమీటర్లకు అటు ఇటు. ఆటోల కూసోవాలె. పుండు చూపిచ్చుకునేటందుకు పుండు మీదనే కూసోని పోవుడు! అందుకే ఫోన్ల వీడియో వైద్యం అంటే సంబురపడ్డ. నా బిడ్డ ఫోను పట్టింది. తెర మీద డాక్టరు, "ఎర్రగా ఉందా?" అని అడిగిండు. "లేదు సార్" అన్నది నా భార్య. "అయితే భయం లేదు" అన్నడు.

అయ్యలారా, నల్లతోలు మీద ఎరుపు ఎట్ల కనవడుతది? మా ఒంటి మీద మొదటి దెబ్బ ఊదారంగుల, ఇంకింత నలుపుల దాక్కుంటది. చెయ్యి పెట్టి చూడాలె. పక్క తోలుకన్న వేడిగున్నదా సల్లగున్నదా, గట్టివడ్డదా మెత్తవడ్డదా అని తడమాలె. నా భార్య తడిమింది. కాలుతున్నదని ఆమెకు తెలుసు. ఆమెను అడిగినోడు లేడు. ఐదో దినం పొక్కు పగిలింది. పైన రూపాయిబిళ్లంత నోరు, లోపట పెద్ద గూడు. ఆ ఒక్క డాక్టరును తిడుతలేను. ఎరుపే గుర్తని నేర్పిన చదువును తిడుతున్న. ఆ చదువు తెల్లతోలును ముందు పెట్టుకొని రాసింది.

అటెన్క ఆరోగ్య సిబ్బందిల ఒకాయన వచ్చిండు. గడప అవతలనే నిలవడి, "ఫొటో పెట్టుండ్రి, చూస్తరు" అని పోయిండు. పుండు వాసనకు ఆగిండా, వాడ వాసనకు ఆగిండా? నాకిప్పటికీ తెల్వది. 1950ల అమలుకొచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంల అంటరానితనాన్ని రద్దు చేసింది. దూరం మాకు కొత్త కాదు. దూరానికి ఇప్పుడొక తెర దొరికింది, అంతే.

అట్లని వీడియో వద్దనెటోన్ని కాదు. ఇంకో నర్సమ్మ గడప దాటింది. దూదిపుల్ల పెట్టి గూడు లోతు కొలిచింది. కాగి సల్లారిన ఉప్పునీళ్లతో కడుగుడు, పుండు పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుతురుల, ప్రతిసారి ఒకే దూరం నుంచి ఫొటో తీసుడు నా బిడ్డకు నేర్పింది. వాసన, చీము, జ్వరం ఫొటోల రావు, నోటితోటి చెప్పాలె అన్నది. రెండో వారం వీడియోల ఇంకో డాక్టరు అంచు నల్లగైంది చూసి వెంటనే రమ్మన్నడు. పోయినం, చచ్చిన మాంసం తీసేసిన్రు. తర్వాత వారం వారం ఇంట్ల నుంచే చూపిచ్చుకున్నం. ఏడు నెలలకు పూడింది. ఈ కొసన చెయ్యి ఉన్నది గనుక ఆ కొసన చూపు పని చేసింది.

దేశానికి తాళమేసిన 2020 మార్చి 25నాడే వీడియో వైద్యం నియమాలు వచ్చినయి. రోగి పక్కన ఆరోగ్య కార్యకర్త ఉండి డాక్టరుతో మాట్లాడించే పద్ధతి అందులనే ఉన్నది. చూపు చాలదనిపిస్తే నేరుగ రమ్మని చెప్పే బాధ్యత డాక్టరుదేనని ఉన్నది. 2019ల మొదలైన ఈ-సంజీవనిల కూడ ఒక కొసన ఆరోగ్య కేంద్రం సిబ్బంది, ఒక కొసన డాక్టరు. మంచిదే. కాని నడుము విరిగినోడు ఆ కేంద్రం దాక ఎట్ల పోవాలె? ఆ ఏర్పాటు మా మంచం కాడికి రావాలె.

ఇప్పుడు ఆ చెయ్యి ఎవలది? నా భార్యది. కూలి ఇడిసిపెట్టి రాత్రీ పగలూ నన్ను మర్లేస్తది. నా బిడ్డది. కాలేజీ ఎగవెట్టి కట్టు కడుతది. వాళ్ల కూలి ఏ లెక్కల రాస్తరు? మా ఊర్ల కాకతీయ థర్మల్ కేంద్రం 1,100 మెగావాట్లది. కరెంటుతోటి నడిచే గాలిపరుపు కొనేటందుకు మాత్రం మా వాడల పైసల్లేవు. పుండు నుంచి కారిపోయే సత్తువకు గుడ్డు, పప్పు కావాలె. తెర మీద సలహా వస్తది, గుడ్డు రాదు.

అందుకే అడుగుతున్న. వీడియో ఉండాలె. దానితోటి గడప దాటే నర్సు ఉండాలె. మర్లేసే చేతికి జీతం ఉండాలె. పరుపు, కట్టుగుడ్డ సర్కారే ఇయ్యాలె. ఇది దయ కాదు, మా బాకీ.

డాక్టరీ, నర్సింగు చదివే మా పిల్లలారా, రేపు తెర ముందు మీరు కూసుంటరు. అవతల మంచంల నా అసొంటోడు ఉంటడు. రంగు అడిగే ముందు పక్కన నిలవడ్డ ఆడమనిషిని అడుగుండ్రి: "అమ్మా, చెయ్యి పెట్టి చూసినవా? ఎట్లున్నది?"