డీజిలు వయసెంత అల్లుడా?

దసరా సెలవుల్లో కార్వేటినగరం పోయినప్పుడు మా మామతో ట్రాక్టరెక్కి బంకుకు పోయినా. డీజిలు పడతా ఉంటే మామ అడిగినాడు: “ఇది భూమిలోనించి వస్తాదంటారు గదా అల్లుడా, ఎన్నేండ్లది?” ఫ్లాష్ పాయింటు తెలుసు, సీటేన్ నంబరు తెలుసు. వయసు మాత్రం చెప్పలేకపోయినా. మన ఇంధనాల పాఠంలో ముడిచమురు మరిగే ఉష్ణోగ్రతలే గానీ దాని పుట్టుక లేదు. ఇది పెద్ద లోటని నా అభిప్రాయం.

సంగతి అంత కష్టమేం కాదు. ప్రకృతిలోని కార్బన్‌లో నూటికి దాదాపు 99 పాళ్లు కార్బన్-12. మిగిలిన ఒక పాలు, ఒక న్యూట్రాన్ ఎక్కువున్న కార్బన్-13. నాచు గానీ చెట్టు గానీ ఆహారం తయారుచేసుకునేటప్పుడు తేలికదాన్నే ఎక్కువగా తీసుకుంటుంది. అది బురదలో పూడి, ఉడికి, నూనె అయినా ఆ గుర్తు చెరగదు. ఒక ప్రామాణిక సున్నపు శిలాజంతో పోల్చి, కార్బన్-13 వెయ్యికి ఎంత తక్కువో కొలుస్తారు. ముడిచమురు చాలావరకు −20, −35 మధ్య ఉంటుంది.

ప్రపంచంలోని నూనెల్ని వరసగా పెడితే మొత్తమ్మీద పాత రాళ్లలో పుట్టినవి తేలిక, కొత్తవి కొంచెం బరువు. రాజస్థాన్‌లోని బాఘేవాలా నూనె 50 కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లది. దాని అంకె −30 కంటే కిందే. అప్పటికి నేలమీద చెట్టనేదే లేదు. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోని చిన్న వయసు నూనెల్లోనో, పూలు పూసే మొక్కల ఆనవాలైన ఒలియనేన్ కనిపిస్తుంది. అయితే ఐసోటోపు అంకె ఒక్కటే చూసి వయసు తేల్చేస్తే తప్పు. పుట్టింది సముద్రపు నాచులోనా, నేల మొక్కలోనా, ఎంత వేడికి ఉడికింది అన్నవి కూడా అంకెను మారుస్తాయి. ఒలియనేన్ వంటి సాక్షులు తోడుండాల.

“ఇది మనకెందుకు?” అంటారేమో. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అంకె సుమారు −6.5. ఇప్పుడు −8.5 దాకా దిగింది. అగ్నిపర్వతాల పొగతో ఇంత దిగదు. బొగ్గు, నూనె తగలబెట్టి ఆ పాత తేలిక కార్బన్‌ను మనమే గాలిలో కలుపుతున్నామని ఆ అంకె చెబుతోంది. రేపు ఇంజన్లు డిజైన్ చేసేది మనమే. ఈ లెక్క మన సిలబస్‌లో ఒక్క గంటన్నా ఉండొద్దా?

మొన్న మామకు ఫోన్ చేసి ఇదంతా చెప్పినా. కొంచేపు మాట్లాడలేదు. “అన్ని కోట్ల ఏండ్లదాన్ని ఒక్క పూట దుక్కికి కాల్చేస్తా ఉండామా!” అన్నాడు.