విన్న పాఠం, చదివిన పాఠం

ఈ రోజుల్లో పుస్తకాన్ని చదవనక్కరలేదు, ఫోనులో వినవచ్చు. అయితే వినటం చదవటంతో సమానమేనా?

వినటాన్ని చిన్నచూపు చూడకండి. మన పెద్దలు పండితుణ్ణి ‘బహుశ్రుతుడు’ అన్నారు. అంటే చాలా విన్నవాడని అర్థం. చదువురాని ఎందరికో రామాయణ భారతాలు హరికథల ద్వారానే అందాయి. 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టిన ఎడిసన్, దానితో అంధులకు మాట్లాడే పుస్తకాలు తయారుచేయవచ్చని ఆ మరుసటి ఏడాదే రాశాడు. 1930లలో అమెరికా, బ్రిటన్ దేశాల్లో అవి నిజంగానే వచ్చాయి.

2019లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రకటించారు. తొమ్మిదిమంది అవే కథలను ఒకసారి వింటూ, ఒకసారి చదువుతూ ఉండగా వారి మెదళ్ళను స్కానింగు యంత్రంతో పరిశీలించారు. మాటల అర్థాన్ని గ్రహించే భాగాలు రెండుసార్లూ దాదాపు ఒకే తీరుగా పనిచేశాయి!

మరి తేడా ఎక్కడుంది? మన కంటి కదలికలో ఉంది. చదివేటప్పుడు కన్ను పంక్తి వెంట జారిపోదు, గెంతుతూ పోతుంది. ఒక్కొక్కచోట సుమారు పావు సెకను ఆగుతుంది. కష్టమైన మాట దగ్గర ఇంకొంచెం నిలుస్తుంది. అర్థం కాకపోతే వెనక్కి గెంతుతుంది. ఇదంతా చాలావరకు మనకు తెలియకుండానే జరుగుతుంది. వినేటప్పుడు చదివే గొంతు మనకోసం ఆగదు. ఆపి వెనక్కి తిప్పవచ్చు, నిజమే. కాని అర్థం కాలేదని మనం గుర్తిస్తే కదా తిప్పేది!

కథలో ఒక వాక్యం జారిపోయినా తరువాతి వాక్యంతో అందుకోవచ్చు. సైన్సు పాఠంలో అలా కుదరదు. వేగానికీ త్వరణానికీ తేడా చెప్పిన వాక్యం తప్పిపోతే న్యూటన్ రెండో నియమం బోధపడదు. ఇక పటాలు, పట్టికల సంగతి చెప్పనే అక్కరలేదు.

కనుక నా అభిప్రాయం ఇది: కథలు, జీవిత చరిత్రలు హాయిగా వినండి. పాఠం మాత్రం పెన్సిలు చేతపట్టి చదవండి. చూపులేని మీ మిత్రుడు బ్రెయిలీ లిపి చదివితే అతని వేలూ వెనక్కి వెళ్ళగలదు. వినే చదువుకుంటూ ఉంటే మాటిమాటికీ ఆపి, వెనక్కి తిప్పి వింటాడు. అతనిదీ చదువే. నడుస్తూ, ఆడుతూ, ఒక చెవితో వినేది మాత్రం చదువు కాదు.

నా మాట ఊరికే నమ్మకండి, పరీక్షించి చూడండి. సమానంగా కష్టమైన రెండు కొత్త పేజీలు తీసుకోండి. ఒకటి స్నేహితుడు ఆగకుండా చదువుతుంటే వినండి, రెండోది మీరే చదవండి. మరునాడు గుర్తున్నవి రాయండి. తరువాత మీ స్నేహితుడిచేత పేజీలు తారుమారు చేసి ఇదే చేయించండి. ఎవరికి ఏది ఎంత నిలిచిందో మీ కాగితాలే చెబుతాయి.