సూదికి ముందు చెప్పాల్సింది
చెవి కుట్టించుకున్న చోటో, కాలిన చోటో మచ్చ కండలా పెరిగి కెలాయిడ్ అయితే ట్రయామ్‌సినలోన్ ఇంజెక్షన్ ఇస్తారు. మందు మంచిదే, నా పేచీ చెప్పకుండా పొడవడంతోనే. కొల్లాజెన్‌ను అణచి మచ్చను చదును చేసే ఆ స్టెరాయిడ్, పక్కనున్న మంచి చర్మంలోకి పాకితే అదీ పలచబడి గుంటపడుతుంది, సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, రంగు పోతుంది. చామనఛాయ ఒంటిమీద ఆ తెలుపు దూరానికే కనిపిస్తుంది. చీడికాడ లాంటి ఊళ్లో దాన్ని బొల్లి అనేయడానికి ఒక్క పెళ్లిచూపులు చాలు! చాలామందికి నెలల్లో రంగు తిరిగొస్తుంది. గుంట కొందరికి ఉండిపోతుంది. ఇదంతా చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. ఓపీలో రద్దీ అన్న సాకు నేనొప్పుకోను.