లెక్చర్ మూడో వంతే.. మరి నోరు విప్పేదెవరు?

విజయనగరం ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023 సెప్టెంబర్‌లో 150 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది. శ్రీకాకుళంలో సర్కారు వైద్య కళాశాల అంతకుముందే ఉంది. రెండు చోట్లా 2019లో దేశమంతటా వచ్చిన కొత్త తరహా చదువే. దాని ప్రకారం లెక్చర్లు మూడో వంతు మించకూడదు. మిగతా సమయం ప్రాక్టికల్స్, వార్డులు, చిన్న గ్రూపుల్లో చర్చలు.

కాగితం మీద బాగానే ఉంది. కానీ నీట్ కోసం రెండేళ్లు నోరు మెదపకుండా బిట్లు బట్టీపట్టిన పిల్లలు ఒక్కసారిగా ఎలా మాట్లాడతారు? ఇంట్లో కాస్త ఉర్దూ, కాస్త తెలుగు. గ్రూపులో ఇంగ్లిష్. బీసీ-ఈ కోటాలో సీటు తెచ్చుకున్న అమ్మాయికి విషయం తెలిసినా నోరు పెగలదు. ధాటిగా మాట్లాడే ఇద్దరే నడిపేస్తారు, మిగతావాళ్లు తలూపుతారు. అది ఇంకో లెక్చరే.

తెలుగులో తకరారు అంటే గొడవ. మదర్సాలో తక్రార్ అంటే ఉస్తాద్ చెప్పిన సబఖ్‌ను పిల్లలు కలిసి కూర్చుని మళ్లీ చెప్పుకోవడం. చెప్పేవాడు తప్పితే పక్కవాడు సరిదిద్దుతాడు. సిగ్గు అక్కడే పోతుంది.

ఉద్దానం కిడ్నీ జబ్బునే తీసుకోండి. నీళ్లా, ఎండలో పనా, పురుగుమందులా? కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. లెక్చర్‌తో ముగిసే పాఠం కాదిది. ఊళ్లో డయాలసిస్‌కు వెళ్లొచ్చేవాళ్లను చూసిన పలాస కుర్రాడు తెలుగులోనైనా సరే మాట్లాడితే అందరూ నేర్చుకుంటారు. అతనితో మాట్లాడించడానికి ట్యూటర్ ఉండాలి. సీట్లు పెరిగినంత తొందరగా ట్యూటర్లు రారు. పోస్టులు ఖాళీగా ఉంటే ముందు ఎగిరిపోయేది చిన్న గ్రూపే. లెక్చర్ హాలుకైతే ఒక్కరు చాలు.